కుర్చీకి అప్పజెప్పిన మాటలు

"లేసి నిలవడు, చేతులు కట్టుకో, మంచిగ అప్పజెప్పు" అని డ్రమ్స్ పిల్లగానికి మళ్ల చెప్పిన. (మా చర్చిల డ్రమ్స్ కొడతడు, అందుకే ఆ పేరు.) వాడు తల గోక్కుంట, "అక్కా, మెసేజులల్ల ఉన్న నవ్వే బొమ్మల్ని ఎట్ల చదవాలె?" అన్నడు. పిల్లలందరు కిసకిస నవ్విన్రు. నాకు సుత నవ్వొచ్చింది. అప్పట్ల నాకు ఒకటే నమ్మకం, పిల్లలకు ఏదన్న ఎక్కాలంటే బైబిల్ వాక్యం లెక్క నోటితోని చెప్పియ్యాలె. వారమంత మైత్రీవనంల ఓ కోచింగ్ సెంటర్ల జిరాక్సులు తీసి, ఆదివారం బల్కంపేట గల్లీల మా చిన్న చర్చిల సండే స్కూల్ టీచర్‌నయితుంటి. (పది పాస్ గాలే, ఎవ్వరడగలే.) నీ చేతిల ఎప్పుడు చూసినా ఫోనే గదా, ఫోన్ల ఎట్లుండాల్నో పిల్లలకు నువ్వే చెప్పమని పాస్టరమ్మ నన్ను పెట్టింది.

సంగతేందంటే, మాకాడ పాటలు పాడే పిల్ల ఒకతి ఉండె. నోరు తెర్చి పాడుతుంటే ఎవరో ఫోటో తీసి, కప్ప లెక్క చేసి పిల్లల గ్రూపుల ఏసిన్రు. అందరు తలో మాట రాసిన్రు. అప్పటిసంది ఆ పిల్ల చర్చికి రాదు, బడికి పోదు, ఇంట్ల సుత మాట్లాడుతలేదంట. అందుకే ఆమె కూసునే కుర్చీ ముందల పెట్టి, ఎవరు రాసింది వాళ్లు కుర్చీకి అప్పజెప్పాలె అని చెప్పిన.

"నోరు మూస్కో కప్పా" అన్నడు డ్రమ్స్ పిల్లగాడు, మెల్లగ. ఇంకో పిల్ల "నువ్వు రాకుంటేనే చర్చి సల్లగుంటది" అని చదివి ఏడ్సింది. నవ్వులు బంద్. నా పాఠం మస్తు పనిచేసిందని లోపల్లోపల మురుస్తున్న. అప్పుడు కనవడ్డది, తలుపు కాడ ఆ పిల్ల వాళ్లమ్మ. సోమాజిగూడ దవాఖానల డ్యూటీ దిగి, బిడ్డ కోసం ప్రార్థన చెయ్యమని అడగనీకె వచ్చిందంట. మెసేజులన్నీ ఇంగ్లీషు అక్షరాలల్ల ఉండె, ఆమె ఎన్నడు చదవలే. ఆ పొద్దు పిల్లల నోట్ల నుంచే అన్నీ ఇన్నది.

"బడికి పోనని మొండికేసిందని నేను సుత కొట్టిన టీచరమ్మా" అన్నది.

డ్రమ్స్ పిల్లగాడు తన ఫోన్ ఆమె చేతిల పెట్టి, ఆ కప్ప ఫోటో మీరే తీసేయండి ఆంటీ అన్నడు. ఆమెకు ఎట్ల తీసేయాల్నో తెల్వదు. నేనే తీసిన. అది వాళ్ల బడి గ్రూపులకు సుత ఎప్పుడో పోయిందని వాడే చెప్పిండు.

పొద్దుమీకి వాళ్లమ్మ ఫోన్ చేసింది. సండే స్కూల్ అక్క ఎంట వస్తే బడికి పోత అన్నదంట బిడ్డ. తెల్లారి పంజగుట్టల వాళ్లింటికి పోయిన. ఆ పిల్ల మాస్కు కండ్ల దాంక గుంజుకొని నిలవడ్డది. ఏమేమో చెప్దామనుకొని పోయిన నేను, ఊకె వాగే నేను, చున్నీ మొకానికి కట్టుకొని, బడి గేటు దాంక ఆమె పక్కన నడ్సిన.