గేటు దగ్గర పదిహేడు అక్షరాలు

సోమ్లీది మరిపెడ దగ్గరి తండా. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. హాస్టల్లో ఉన్నప్పుడు ఆమె నోట తెలుగు వినగానే తోటి పిల్లలు పకపకా నవ్వేవాళ్లు. అప్పట్నుంచీ కాగితం మీద పెట్టే ప్రతి మాటా పుస్తకాల్లో ఉన్నట్టే ఉండాలని ఆమె పట్టుదల.

ఇప్పుడు కేసముద్రం అవతల రైల్వే గేటు కీపరు. బండి దాటేదాకా కన్ను పట్టాల మీదే. గేటు తీసి, రిజిస్టరు రాశాక, మళ్లీ ఫోను మోగేలోపు దొరికే కాస్త తీరికలో హైకూలు రాస్తుంది. మూడు పాదాల్లో ఐదు, ఏడు, ఐదు. వేలి కణుపుల మీద అక్షరాలు లెక్కపెట్టడం ఆమెకు భలే సరదా. ఆ సరదా అంటించింది శారద టీచర్. గేటు అవతలి బడిలో తెలుగు చెబుతుంది. ఒక వానరోజు క్యాబిన్‌లో తలదాచుకుని, పోతూ పోతూ చేతిలోని హైకూల పత్రిక ఇచ్చి వెళ్లింది.

ఒకనాడు సోమ్లీ టీచర్‌కు కొత్త హైకూ చూపించింది. చివరి పాదం ‘చూస్తూనే ఉన్నాము’.

"మంచిగుంది సోమ్లీ. కానీ ఆరు వచ్చినయి. ఒక్కటి తీసెయ్."

వారం రోజులు తిప్పలు పడింది. ఏ మాట తీసినా హైకూ చప్పబడిపోతోంది.

ఆ శనివారం గూడ్సు కోసం గేటు పడింది. మార్కెట్‌కు మక్కలు తీసుకుపోతున్న వెంకన్న ట్రాక్టరు మీద నుంచే కేకేశాడు.

"ఏందక్కా గిది! పావుగంట సంది చూస్తనే ఉన్నం!"

సోమ్లీ ఒక చేత్తో పచ్చజెండా పట్టుకుని, రెండో చేతి కణుపుల మీద లెక్కపెట్టింది. చూ, స్త, నే, ఉ, న్నం. ఐదు! గూడ్సు పోయింది. గేటు ఎత్తి, ట్రాక్టరు కదలకముందే నవ్వుతూ ఎదురు వెళ్లింది.

"నీ మాట నా కైతల పెట్టుకుంటనే అన్నా!"

వెంకన్నకు ఏమీ అర్థం కాలేదు. తల గీక్కుంటూ వెళ్లిపోయాడు.

సోమవారం శారద టీచర్ పైకి చదివింది.

మూసిన గేటు
తూనీగ దాటిపాయె
చూస్తనే ఉన్నం

"అంతా మన మాటల్లనే రాసినవే!"

"తప్పా మేడం?"

"తప్పెందుకైతది? గిదే నీ గొంతు."

ఆ మధ్యాహ్నమే హైకూ బడి బోర్డుకెక్కింది, కింద సోమ్లీ పేరుతో సహా. ఆ బడిలోనే చదివే వెంకన్న బిడ్డ రిషిత ఇంట్లో చెప్పినట్టుంది, మర్నాడు అతను ట్రాక్టరు దిగి మరీ వచ్చాడు.

"మరి నా పేరేదక్కా?"

"జాగ లేదన్నా. అయిదే అక్షరాలు!"

వెంకన్న గట్టిగా నవ్వాడు. సోమ్లీ కూడా.