ఇంటు గుర్తు

పుప్పాలగూడలో మా పాత ఇంటి రెండో అంతస్తు వరండాని ఎండ పడే అద్దాల గదిగా మార్చిన మేస్త్రీ, బిగించిన ప్రతి అద్దాన్నీ అరచేత్తో గట్టిగా నొక్కి చూసి, దాని మీద సున్నంతో ఇంటు గుర్తు వేసేవాడు.

"గుర్తు లేకుంటే అద్దం లేనట్టే సార్, జర యాదిలో పెట్టుకోండ్రి," అనేవాడు.

చుట్టాలొస్తున్నారని ఆ గుర్తులన్నీ తుడిచేశాను. గీత పడిన అద్దమొకటి వేరే మనిషితో తీయించాను.

మర్నాడు మేస్త్రీ వచ్చి, "గుర్తులేడ వోయినయ్ సార్?" అన్నాడు.

"తుడిచేశానయ్యా, చూడ్డానికి బాగాలేవు," అన్నాను. తీయించిన అద్దం సంగతి చెప్పలేదు.

అతను అలవాటుగా అరచెయ్యి చాపి, ఆ ఖాళీ చట్రంలోకి బలంగా నొక్కాడు. కిందపడ్డవాడు మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు అన్ని అద్దాల మీదా ఇంటు గుర్తులున్నాయి. వేసింది నేనే. ఎవరైనా అడిగితే, పని ఇంకా అవలేదంటాను.