మూడు గంటలకు కాగే నీళ్ళు

నా భార్యకు ఉబ్బసం. మా వైపు దాన్ని దమ్ము అంటారు. చలికాలం వచ్చిందంటే ఆమె పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే కునికేది. జనగామ దవాఖానలో డాక్టరు మందులన్నీ రాసి, చీటీ నా చేతికిస్తూ, "ఈమెను పొగకు దూరంగా ఉంచండి. లేదంటే ఈ మందులు దండగ" అన్నాడు. సరేనని తల ఊపి వచ్చాను.

తల ఊపినంత తేలిక కాదది. వంటకు కిరసనాయిలు స్టవ్వు ఉంది గానీ, స్నానాల నీళ్ళు మాత్రం పెరట్లో రాళ్ళపొయ్యి మీదే కాగాలి. నాయిన పోయాక మా అవ్వ, అదే మా అమ్మ, జఫర్‌గఢ్ నుంచి మా దగ్గరికి వచ్చింది. ఊరు వదిలింది గానీ అలవాటు ఒక్కటీ వదల్లేదు. తెల్లవారుజామున నాలుగింటికి, ఏ కాలమైనా, పొగలు కక్కే నీళ్ళతో ఆమె స్నానం కావాలి. అది కానిదే చాయ ముట్టదు, వంటింట్లో అడుగు పెట్టదు. కాబట్టి నాలుగింటికి ముందే నా భార్య ఆ పొయ్యి ముందు కూర్చునేది. మా చేను నుంచి బండి మీద వచ్చిన పత్తికట్టె మంచుకు తడిసి, మండే కంటే ఎక్కువ పొగచూరేది. నేను లోపల దుప్పటి కప్పుకుని ఆమె దగ్గు వింటూ ఉండేవాణ్ణి. వింటుంటే అవ్వ మీదా, పొయ్యి మీదా, ఆ డాక్టరు మీదా కోపం వచ్చేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అందరూ అనేమాటే.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. నేను హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. ఒక పత్రికలో ఎండతో నీళ్ళు కాచే పెట్టె బొమ్మ చూశాను. నల్లరంగు వేసిన రేకు, దాని మీద మెలికలు తిరిగిన గొట్టం, పైన అద్దం, అడుగున వేడి పోకుండా ఊక. చూడగానే పంతం పట్టాను. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డప్పుడు నేను ఊళ్ళో ఖాళీగా ఉండలేక, మోటార్లు బాగుచేసే దుకాణంలో కూర్చుని గొట్టం కోయడం, మరలు దించడం, టంకం పెట్టడం నేర్చుకున్నాను. ఆ ఏడాది చదువు పోయినా చేతికి పని వచ్చింది. ఇప్పుడు ఆ చేతులు ఊరుకోలేదు.

నాలుగు నెలల ఆదివారాలన్నీ దానికే పోయాయి. డాబా మీద పాత తలుపు చెక్కలతో పెట్టె కొట్టాను. రైసుమిల్లు నుంచి ఊక తెచ్చి దట్టించాను. అద్దం రెండుసార్లు పగిలింది. రెండోసారి పగిలినప్పుడు సుత్తి విసిరికొట్టి డాబా దిగివచ్చాను. నా భార్య చాయ గ్లాసు చేతికిచ్చింది.

పెట్టె దక్షిణం వైపు వాల్చి పెట్టాలి, ఎండ బాగా పడేది అటే. అవ్వ మెట్లెక్కి వచ్చి చూసి నడుం మీద చేయి పెట్టుకుంది.

"దక్షిణం దిక్కు మొఖం బెట్టినవేంది కొడుకా? గది యముని దిక్కు."

"సూర్యుడు గట్లనే పోతడవ్వా."

"పోతడు గని, గా నీళ్ళు నా నెత్తి మీద పోసుకోవాలె గద" అని గొణుక్కుంటూ దిగిపోయింది.

మొదటి రోజే మొత్తం పరువు పోయింది. పెట్టెను పిట్టగోడ మీదికెక్కించి, నీళ్ళ డ్రమ్మును కింద పెట్టాను. పొద్దంతా గొట్టంలో నీళ్ళు బుసలు కొట్టాయి, డ్రమ్ములో నీళ్ళు మాత్రం చల్లగా అలాగే ఉన్నాయి. వేడి నీళ్ళు పైకి పోతాయి గానీ కిందికి దిగవని ఎనిమిదో తరగతికి ఏటా బల్లగుద్ది చెప్పేది నేనే.

"బడిల పిల్లలకు గూడ గిట్లనే జెప్తున్రా?" అంది నా భార్య. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను, అందుకని కోపం రాలేదు.

మరుసటి ఆదివారం డ్రమ్మును పెట్టె కంటే ఎత్తున కట్టించాను. బోరింగు దగ్గర నుంచి బకెట్లతో నీళ్ళు నేనే పైకి మోశాను. ఇరుగుపొరుగు, వాడకట్టంతా చూస్తోంది, నాకు గర్వంగా కూడా ఉంది. మధ్యాహ్నం మూడింటికి డ్రమ్ములో చేయి పెట్టి చటుక్కున తీసుకున్నాను. అంత వేడి. నా భార్యను పిలిచి చూపించాను. ఆమె కొంగుతో చేయి తుడుచుకుంటూ, "మూడు గంటలకు గాగినయి. అత్తమ్మ నాలుగింటికి బోసుకుంటది, తెల్లారుజామున" అంది.

ఆ మాటకు అప్పుడు నేను వెనక్కి తగ్గలేదు. తెల్లారేదాకా వేడి నిలిస్తే చాలనుకుని డ్రమ్ముకు గడ్డి చుట్టాను, గోనెసంచులు చుట్టాను, చివరికి నా దుప్పటే కప్పాను. తెల్లవారుజామున అవ్వ బకెట్లో వేలు ముంచి తీసింది.

"ఇవి కాగిన నీళ్ళా బిడ్డా?"

"అవ్వా, జర పగటీలి పోసుకో. మూడింటికి మస్తు కాగుతయి."

"పెండ్లయిన కాన్నుంచి గిదే యాళ్లకు పోసుకుంటున్న. మా అత్తకు నేను గాగవెట్టిన, నాకు నా కోడలు గాగవెడ్తది. ఇప్పుడు గీ పెట్టె కోసం మార్చుకోవాల్నా?"

నా భార్య అప్పటికే పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. కాసేపటికి దగ్గు మొదలైంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం కాగితం ముందేసుకుని ఇంకో పెట్టె, ఇంకా పెద్ద డ్రమ్ము, చుట్టూ మందంగా ఊక, అన్నీ గీస్తూ కూర్చున్నాను. ఈసారి తెల్లారేదాకా వేడి నిలవాల్సిందే అనుకున్నాను. నా భార్య నా పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఇంకెన్ని నెలలు పడ్తది?"

"రెండు నెలలు. మహా అంటె మూడు."

"నాలుగు నెలలాయె ఇది జేయవట్టి. ఇన్ని నెలలల్ల ఒక్కనాడన్న మీరు గా పొయ్యి ముట్టిచ్చిన్రా?"

నిజంగా నాకు ఆ ఆలోచనే రాలేదు. అద్దం కోశాను, గొట్టం వంచాను, వాడకట్టు చూస్తుండగా ఇరవై బకెట్లు డాబా ఎక్కించాను. నీళ్ళ పొయ్యి ముందు మగవాడు కూర్చోవచ్చునని మాత్రం నా బుర్రకు తట్టలేదు. మా నాయిన కూర్చోగా చూడలేదు, ఎవరింట్లోనూ చూడలేదు. ఆమెను పొగకు దూరంగా ఉంచమని డాక్టరు చెప్పింది నాకే. దూరంగా జరిగి పడుకున్నది కూడా నేనే.

మర్నాడు తెల్లవారుజామున మూడున్నరకు ఆమెను లేవనివ్వకుండా నేను వెళ్ళి కూర్చున్నాను. కట్టె అంటుకోలేదు. వంగి ఊదితే పొగ నేరుగా గొంతులోకి దిగింది. కళ్ళు మండి నీళ్ళు ధారగా కారాయి. ఆమె రోజూ ఇందులో కూర్చునేదా అనుకుంటే దుఃఖం వచ్చింది, పొగ వల్లనే అని సర్దుకున్నాను. అవ్వ చీర భుజాన వేసుకుని వచ్చి నిలబడిపోయింది.

"నువ్వు గూసున్నవేంది? అదేడ వోయింది?"

"పండుకున్నది. నేనే పండుకోమన్న."

"ఎవలన్న జూస్తె ఏమనుకుంటరు?"

"అనుకోనియ్యి."

అవ్వ స్నానం చేసి వెళ్ళింది. రెండో రోజూ నేనే కూర్చున్నాను, దగ్గాను. మూడో రోజు లేచి వెళ్ళేసరికి అవ్వ పొయ్యి పక్కనే నిలబడి ఉంది. కట్టెలు తీసి పక్కకు నెట్టేసింది.

"ఇగ నువ్వు గీ పొగల గూసోకు. కండ్లు జూడు, ఎట్లయినయో. నేను పగటీలే పోసుకుంట. పొద్దున కాళ్ళు చేతులు గడుక్కొని దేవునికి మొక్కుకుంట, ఏమైతది."

పరుగున లోపలికి వెళ్ళి నా భార్యకు చెప్పాను. అవ్వ ఒప్పుకుంది, ఇక పొయ్యి అవసరం లేదు, పెట్టె పనికొచ్చింది అని. ఆమె లేచి కూర్చుని జుట్టు ముడివేసుకుంది.

"ఆరేండ్ల సంది దగ్గుతున్న, ఆమెకు ఇనవడలే. మీ కండ్లల్లకు రెండు రోజులు పొగ వోతె యాళ్ల మారింది" అంది. కోపంగా అనలేదు. అని, పక్క మడత పెట్టడానికి లేచింది.

ఆ చలికాలం ఆమె పడుకుని నిద్రపోయింది. అవ్వ మూడింటికి స్నానం చేస్తోందని తెలిసి వాడకట్టు వాళ్ళు పెట్టె చూడటానికి వచ్చేవాళ్ళు. టేకుమట్ల నుంచి మా చుట్టాలొచ్చి మెచ్చుకున్నారు. నేను అద్దం, రేకు, ఊక అన్నీ వివరించి, దీనివల్లనే మా ఇంట్లో పొగ పోయింది అనేవాణ్ణి. నా భార్య తలుపు దగ్గర నిలబడి వినేది, ఒక్కసారి కూడా కాదనలేదు. ఆమె అక్కడ ఉందని తెలిసి, సిగ్గుపడుతూనే, వచ్చిన ప్రతివాళ్ళకూ నేను అదే చెప్పాను.