చిల్లున్న మంచం

రెండు నెలలు నేను కింద కూర్చోలేకపోయాను. ఎడమ పిర్ర దగ్గర మొదలైన నొప్పి తీగ లాగినట్టు మడమ దాకా పాకేది. దాన్ని సయాటికా అంటారట. కందులు విసిరే ఇసుర్రాయి మూలన పడింది. మరలో పట్టించిన కందిపప్పు నా నాలుకకు ఎక్కదు. సొంత ఇంట్లో చుట్టంలా కుర్చీలో తినడం నామోషీ అనిపించింది.

చివరికి కోడలు నన్ను తాండూరులో రైలెక్కించి, వికారాబాద్‌లో వెన్నుపూసలు సర్దే కైరోప్రాక్టిక్ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఎక్స్‌రే చూసి బోర్లా పడుకోమన్నాడు. మంచానికి తలవైపు పెద్ద చిల్లు ఉంది. నా తువ్వాలు మడిచి, ఆ చిల్లు మూసి పడుకున్నాను.

"అవ్వా, ఆ తువ్వాల తియ్యి. ముఖం అండ్ల పెట్టాలె."

"గింత పెద్ద మంచం కొన్నవ్, జర అతుకు ఏయించుకోరాదా కొడుకా?"

కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుకు ఒళ్లు వదులైన క్షణంలోనే ఆయన నడుం మీద నొక్కాడు. టక్కుమంది.

"ఏం ఇరగ్గొట్టినవ్?" అని అరిచాను.

"ఏం ఇరగలే అవ్వా. ఒక్కపారికే పోదు, ఇంక నాలుగుసార్లు రావాలె. ఇంట్ల కసరత్ గూడ చెయ్యాలె."

ఐదోసారి వెళ్లొచ్చాక కందులు ముందేసుకుని ఇసుర్రాయి దగ్గర కూర్చున్నాను. నొప్పి పిర్ర దాటి కిందికి దిగలేదు.

"అత్తమ్మా, పావుగంటకోసారి లేవమన్నడు డాక్టరు," అని కోడలు గుర్తు చేసింది.

లేచాను. ఆమె ఇసుర్రాయి పిడి అందుకునేలోపే మళ్లీ కూర్చున్నాను.