మట్టయ్య అడిగిన పీరియడ్

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనుక సందులో మా కోచింగ్ సంస్థ ఉండేది. ఎనిమిది నుంచి పది చదివే పిల్లలకు ఐఐటీ ఫౌండేషన్ కోర్సు నడిపేవాళ్ళం. భౌతికశాస్త్ర బోధన, టైంటేబుల్ రెండూ పదకొండేళ్ళు నా చేతిలో ఉన్నాయి. మూడో అంతస్తులోని ప్రయోగశాలను చూసుకునే అటెండరు మట్టయ్య. నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చి మీర్‌పేట్‌లో స్థిరపడ్డాడు. పదో తరగతి తప్పాడు. అయినా పట్టకాన్ని ఎలా నిలిపితే గోడమీద రంగులు విడివడతాయో, ఏ తీగ వదులైతే మీటరు ముల్లు నిలవదో ఆయన చేతులకు తెలుసు.

ఆ గది తాళం తనిఖీ రోజున మాత్రమే పిల్లల కోసం తీసేవాళ్ళం. మిగతా రోజులలో మట్టయ్య ఒక్కడే పరికరాలు తుడిచి సర్దేవాడు. ఒకరోజు నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సార్, వారంల ఒక్క పీరియడ్ ఇయ్యుండ్రి. పిల్లలు జర చేతులు పెట్టి చూస్తరు."

ఉద్యోగంలో చేరాక ఆయన నన్ను అడిగినది అదొక్కటే. ఒక్క సెక్షన్‌కు, మూడు నెలలపాటు ఇచ్చి చూద్దామన్నాను.

మొదటి వారం నేనూ వెళ్ళి వెనుక నిలబడ్డాను. వనస్థలిపురం నుంచి వచ్చే సంతోషి అనే తొమ్మిదో తరగతి అమ్మాయి, లోలకానికి చెక్కగుండు తీసి ఇనుపగుండు కట్టింది. ఇరవై ఊపులు లెక్కపెట్టి మొహం ముడిచింది.

"ఏంది అంకుల్, గుండు మార్చినా గదే టైం ఒస్తుంది? నీ వాచ్ ఖరాబైనట్టుంది."

"మల్ల లెక్కవెట్టు బిడ్డా. నన్ను నమ్మకు, పుస్తకాన్ని గూడ నమ్మకు."

ఆ అమ్మాయి ఐదుసార్లు లెక్కపెట్టింది. అంతలో పీరియడ్ అయిపోయింది.

గణితం చెప్పే చక్రపాణిది గుంటూరు. స్టాఫ్ రూమ్‌లో మట్టయ్యను ఆటపట్టించాడు.

"మట్టయ్యగారూ, మీ గుండు ఇరవైసార్లు ఊగేలోపు మావాళ్ళు నాలుగు లెక్కలు చేసి పారేస్తారండీ."

"చేస్తరు సార్. ఎందుకు చేసిన్రో గూడ ఒకపారి అడగుండ్రి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మూడు నెలల తర్వాత వారపు పరీక్షల సగటులు పక్కపక్కన పెట్టి చూశాను. ప్రయోగశాలకు వెళ్ళిన సెక్షన్ ఆరు మార్కులు వెనుకబడింది. పీరియడ్ రద్దు చేశాను. ఆ తర్వాతి జూన్‌కల్లా ఆ గది మరో తరగతి గది అయింది. మట్టయ్యకు జవాబు పత్రాలు పంచే పని అప్పగించారు. ఏడాది తిరిగేసరికి ఆయన ఉద్యోగం మానేశాడు. మా ఫలితాలు మెరుగుపడ్డాయి. ఆ మాట దాచడం న్యాయం కాదు.

రెండేళ్ళ తర్వాత, మొదటి ర్యాంకుల సెక్షన్‌లో నలభైమందిని లోలకం సూత్రం రాయమన్నాను. నలభైమందీ తప్పులేకుండా రాశారు. అదే పొడవున చెక్కగుండుకు బదులు ఇనుపగుండు కడితే ఏమవుతుందని అడిగాను. ఇరవైతొమ్మిదిమంది త్వరగా ఊగుతుందన్నారు. తాము రాసిన సూత్రంలో బరువు ఊసే లేదని వాళ్ళు గమనించలేదు. మా వారపు పరీక్ష అటువంటి ప్రశ్న ఏనాడూ అడగలేదు. ఆ ప్రశ్నపత్రాలు తయారుచేసింది నేనే. ఆరు మార్కుల తేడా నిజం. అది దేనిని కొలిచిందో మాత్రం నేను విచారించలేదు.

కొత్త ఖర్చేదీ ఉండకూడదన్న షరతు మీద, వారానికొక పీరియడ్‌కు యాజమాన్యాన్ని ఒప్పించాను. ఆ ఆదివారం మెట్రోలో ఎల్బీనగర్‌కు, అక్కడినుంచి షేర్ ఆటోలో మీర్‌పేట్‌కు వెళ్ళాను. మట్టయ్య భార్య సుమిత్రమ్మ చాయ్ ఇచ్చింది. నా నిర్ణయం తప్పని ఆయనతో చెప్పి, మళ్ళీ రమ్మన్నాను.

"గిప్పుడు యాదికొచ్చిన్నా సార్?" అని ఆయన నవ్వాడు. "ఒస్త. మీరు పిలిస్తే రాకుంట ఎట్లుంట? కని ఏం సామానుతోని చేపియ్యాలె?"

గది ఖాళీ చేసిన వారమే పరికరాలన్నిటినీ పాత సామాను కొనేవాడికి ఇచ్చేశాం. ఆ కాగితం మీద సంతకం నాది. మూడంతస్తుల మెట్లు దింపి వాటిని బండిలోకి ఎక్కించింది మట్టయ్య.