బండ మీద పడుకున్న చిరుత

1946 ఎండాకాలంలో నన్ను మదనపల్లె నుంచి కుప్పానికి ఫారెస్టు రేంజరుగా బదిలీ చేశారు. చేరిన కొద్ది రోజులకే వెంకటగిరికోట వైపు ఒక ఊరి మునసబు కబురు పంపాడు. కొండ మొదట్లో బండ మీద ఒక చిరుతపులి పగలంతా పడుకుని ఉంటోందట. జనం మేకలను అటు తోలడం మానేశారట. దాన్ని కాల్చడానికి అనుమతి ఇప్పించమన్నాడు.

అనుమతి ఇచ్చేది జిల్లా అటవీ అధికారి. కానీ ఆయన నిర్ణయించేది నా రిపోర్టును బట్టే. నేను తేల్చవలసింది ఒక్కటే: దానికి గాయమైందా, లేదా? కాలు దెబ్బతిన్న చిరుత అడవిలో వేటాడలేక మేకల మీదికి, ఒక్కోసారి మనుషుల మీదికి వస్తుంది.

ఆ ఊళ్లో పెద్ద మంద ఉన్న మునెమ్మకు మాత్రం సందేహమే లేదు.

"దానికేదో రోగమొచ్చిండాది సామీ. లేకుంటే అంత మృగం యాల పొద్దస్తమానం పండుకోనుంటాది, మా ఇంటాయన మాదిరి?" అంది. పక్కనే ఉన్న ఇంటాయన నవ్వాడు.

ఎదుటి మిట్ట మీద దుర్భిణితో కూర్చున్నాను. నీడ జరిగినప్పుడల్లా చిరుతా జరిగింది. మధ్యలో ఒళ్లు నాక్కుంది. పొద్దు వాలాక లేచి, ముందుకాళ్లు చాచి ఒళ్లు విరుచుకుని, ఎక్కడా కుంటకుండా బండ దిగిపోయింది. పొట్ట నిండుగా ఉంది. అది వెళ్లాక చూస్తే, బండ వెనుక సగం తిన్న అడవిపంది.

"వేట ఊరికే దొరకదు మునెమ్మా," అన్నాను. "చాలాసార్లు తప్పిపోతుంది. తప్పినా ఒంట్లో బలం ఖర్చయినట్టే. ఎండలో పరుగెత్తితే ఒళ్లు కాగిపోతుంది. అందుకే కడుపు నిండాక కదలదు. మేక సంగతి వేరు, రోజంతా మేస్తేగాని దానికి సరిపోదు."

"సెప్పేది బాగానే ఉండాది. మావాళ్లకేమన్నా అయితే?"

అడగవలసిన ప్రశ్నే. మర్నాడు ఉదయం తుపాకీ పట్టుకుని మునెమ్మ మందతో నేనూ ఆ బండ ముందు నుంచి నడిచాను. చిరుత తలెత్తి మమ్మల్ని చూసి, మళ్లీ కాళ్ల మీద గడ్డం ఆనించింది.

"ఓయమ్మా, మనల్ని లెక్కే సేయలేదే!" అంది మునెమ్మ, కొంచెం నొచ్చుకున్నట్టుగా.

కాల్చనక్కరలేదని రాశాను. పొద్దు వాలకముందే మందలు ఇల్లు చేరాలని ఊరివాళ్లను ఒప్పించాను. వానలు పడ్డాక చిరుత పైకొండకు వెళ్లిపోయింది. ఒక్క మేక కూడా పోలేదు.

తర్వాత పుంగనూరులో పనిచేసినప్పుడూ ఇలాంటి ఫిర్యాదులు వచ్చేవి. మొదట నేను అడిగేది ఒకటే: అది లేచి నడవడం ఎవరైనా చూశారా? పడుకున్న మృగాన్ని చూసి రిపోర్టు రాయకూడదు.