ఎలుకల అల్లుడి ఉండలు

ఆయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఎలుకల అల్లుడే. ఇరవై రెండేళ్లుగా గోదాముల్లో, బేకరీల్లో ఎలుకల్ని చంపే పని, పైగా అత్తగారింట్లో కాపురం. ఇక వేరే పేరెందుకు?

ఎలుకంత అనుమానపు జీవి ఇంకొకటి లేదు. కొత్త తిండి కనిపిస్తే కాస్త కొరికి, రెండు రోజులు ఆగి చూస్తుంది. అందుకే ఆయనా తొందరపడడు. పల్లీలు దోరగా వేయించి, బెల్లం దంచి, నెయ్యి పోసి ఉండలు చుట్టి, మూడు రోజులు విషం లేకుండా మర్యాదగా వడ్డిస్తాడు. నాలుగో రోజు, నమ్మకం కుదిరాక, నీలం రంగు కలిపిన విషపు ఉండలు పెడతాడు. ఉత్త ఉండలు ఇంట్లోనే చేస్తాడు. నీలం ఉండలు మాత్రం తన దుకాణంలోనే ఉండాలని, ఇంటి గడప తొక్కకూడదని ఆయన ఒట్టు.

ఆ రోజు దుకాణం తాళం మొరాయించింది. బేకరీలో పెట్టగా మిగిలిన పన్నెండు నీలం ఉండల డబ్బాను గత్యంతరం లేక ఇంటికి తెచ్చి, బీరువా మీద ఉత్త ఉండల డబ్బా పక్కన పెట్టాడు. రెండూ ఒకే రకం డబ్బాలు. మహానుభావుడు స్నానం చేసి వచ్చేసరికి అత్తగారు మంచం మీద కూర్చుని వేళ్లు నాకుతోంది. ఒళ్లో ఖాళీ డబ్బా.

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

"అత్తయ్యా! నాలుక చూపించండి!"

"ఏం, నాకేమన్నా జ్వరమా?"

"మీకు దణ్ణం పెడతా, చాపండి!"

భార్య పరుగెత్తుకొచ్చి టార్చి వేసింది. నాలుక శుభ్రంగా గులాబీ రంగులో ఉంది. అయినా నమ్మకం చాలక రెండో డబ్బా దించి లెక్కపెట్టాడు. పన్నెండు. భార్యచేతా లెక్కపెట్టించాడు. పన్నెండే! తువ్వాలు జారుతున్నా పట్టించుకోకుండా గదంతా గంతులేశాడు. భార్య ఏడుస్తూనే నవ్వింది.

సంగతంతా విన్న అత్తగారు మూతి తుడుచుకుంది.

"ముక్కూ మొహం తెలియని ఎలుకలకి మూడేసి రోజులు నెయ్యి పోసి పెడతావు. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం, నాకు ఒక్క ఉండైనా చేసిపెట్టావా బాబూ?"

అల్లుడికి నిజంగానే సిగ్గేసింది. తల కూడా తుడుచుకోకుండా వెళ్లి మూకుట్లో పల్లీలు పోశాడు.

కమ్మటి వాసన వచ్చేసరికి మంచం మీంచి కేక వినిపించింది.

"మూడు రోజులు చాలు బాబూ! నాలుగో రోజు నాకొద్దు!"